ఫెర్రీ తప్పితే ఫోన్ చేయండి

కెనడాలో, న్యూఫౌండ్‌లాండ్ పక్కనున్న ఫోగో దీవిలో మాకు గది ఇచ్చిన ఆవిడ రాసిన మొదటి ఉత్తరంలో గది గురించి ఒక్క ముక్క లేదు. మంచం ఎంత వెడల్పు, కిటికీలోంచి ఏం కనిపిస్తుంది, టీవీ ఉందా లేదా, ఇవేవీ రాయలేదు. విమానం దిగాక గాండర్‌లోనే పెట్రోలు పూర్తిగా కొట్టించుకోండి, దారిలో బంకులు తక్కువ అని మొదలుపెట్టింది. చీకటి పడ్డాక కారు నడపొద్దు, మూస్‌లనే పెద్ద దుప్పులు రోడ్డు మీదికి వస్తాయి అంది. ఫేర్‌వెల్ రేవులో ముందొచ్చిన కారు ముందు ఫెర్రీ ఎక్కుతుంది, కాబట్టి బాగా ముందుగా వెళ్ళి వరసలో ఉండండి, గాలి ఎక్కువైతే ఫెర్రీ ఆపేస్తారు, బయల్దేరే ముందే కనుక్కోండి అని రాసింది. ఆ తర్వాత రెండు ప్రశ్నలు. మీరు తిననివి ఏమిటి? మీలో ఎవరికైనా మెట్లెక్కడం కష్టమా? చివర ఒక్క వాక్యం: ఫెర్రీ తప్పితే కంగారు పడకండి, ఫోన్ చేయండి, ఎంత రాత్రయినా తలుపు తీస్తాను.

ఆ ఉత్తరాన్ని మిసిసాగాలో మా అమ్మాయి ఇంట్లో చదువుకున్నాం. కెనడా వచ్చే మన అమ్మానాన్నలు చాలామంది నయాగరా చూస్తారు, వీలైతే బాన్ఫ్ కొండలు చూస్తారు, మిగతా రోజులు మనవళ్ళతో గడిపి వెళ్ళిపోతారు. తూర్పు కొసన అట్లాంటిక్ మహాసముద్రంలో ఉన్న న్యూఫౌండ్‌లాండ్ దాకా ఎందుకు నాన్నా, అక్కడేముంది అని అడిగింది అమ్మాయి. అక్కడి మనుషుల్ని చూడాలని ఉందన్నాను. 2001 సెప్టెంబరులో అక్కడి గాండర్ ఊరి చుట్టుపక్కల జనం చేసిన పని గురించి చదివినప్పటినుంచీ మనసులో ఉన్న కోరిక అది. మా ఆవిడ బెంగ వేరు. తను గుడ్డు కూడా ముట్టదు. "చేపలు పట్టుకుని బతికే దీవిలో మనకేం పెడతారండీ" అంటూ ఉండేది. ఆ రెండు ప్రశ్నలూ చదివాక తనే పెట్టె సర్దడం మొదలుపెట్టింది.

మా వయసు ప్రయాణికుల భయాలు పెద్దవేం కావు. రాత్రిపూట దిగితే ఎవరైనా మేలుకుని ఉంటారా? కార్డు గీస్తే అద్దెకి తోడు ఇంకెంత పట్టి ఉంచుతారు? తినడానికి ఏమైనా దొరుకుతుందా? స్నానాల తొట్టి అంచు దాటి లోపలికి దిగగలమా? బిడియం కొద్దీ ఎవరినీ అడగలేని ప్రశ్నలివి. అడగకముందే వాటిని కనిపెట్టి జవాబు చెప్పేవాళ్ళ చేతిలో ఆతిథ్యం సగం అక్కడే పూర్తవుతుందని నా నమ్మకం.

ఆ సగం లోపిస్తే ఎలా ఉంటుందో కూడా చూశాం. అదే ప్రయాణంలో ఒక మహానగరంలో, బాగా పేరున్న హోటల్లో దిగాం. లాబీలో పూలున్నాయి, సన్నటి సంగీతం ఉంది, నిలువెత్తు అద్దాలున్నాయి. కౌంటర్లో కుర్రాడు తలెత్తకుండా కార్డు అడిగాడు. అద్దె కాకుండా మరో మూడు వందల డాలర్లు డిపాజిట్‌గా పట్టి ఉంచామని కార్డు గీశాక చెప్పాడు. సాయంత్రం నాలుగయ్యేదాకా గది ఇవ్వడం కుదరదన్నాడు. నియమాలు వాళ్ళ ఇష్టం, వాటిని తప్పుపట్టను. రెండు రోజుల ముందు ఒక్క మెయిల్‌లో ఆ సంగతి రాసి ఉంటే మేము మధ్యాహ్నం అమ్మాయి ఇంట్లోనే ఉండి తీరిగ్గా బయల్దేరేవాళ్ళం. మోకాళ్ళ నొప్పితో మా ఆవిడ మూడు గంటలసేపు ఆ సోఫాలో కూచోవాల్సి వచ్చేది కాదు.

కెనడాకి ఈ ఆతిథ్య విద్య కొత్తదేమీ కాదు. 1885లో దేశాన్ని అడ్డంగా కలిపే రైలు మార్గం పూర్తయ్యాక, కెనడియన్ పసిఫిక్ రైల్వేని నడిపించిన విలియం వాన్ హోర్న్‌కి ఒక చిక్కు వచ్చిపడింది. కొండల్లో పట్టాలు వేయడానికి పెట్టిన డబ్బు వెనక్కి రావాలంటే రైలెక్కే జనం కావాలి. ఆ కొండల అందాన్ని మూటగట్టి ఊళ్ళకు పంపలేం కాబట్టి, జనాన్నే అక్కడికి రప్పించాలని హోటళ్ళు కట్టించాడు. 1888లో బాన్ఫ్ స్ప్రింగ్స్, 1893లో క్విబెక్ నగరంలో షాటో ఫ్రాంటెనాక్ అలా లేచినవే. బాన్ఫ్‌లో సామ్ మెకాలీ అని స్కాట్లండ్ నుంచి వచ్చిన ఒకాయన ఏళ్ళ తరబడి బెల్‌మన్‌గా, అంటే అతిథుల సామాను అందుకుని గది దాకా తీసుకువెళ్ళే మనిషిగా పనిచేశాడు. 1970ల్లో కన్నుమూశాడు. ఆ తర్వాత కూడా పాత యూనిఫాంలో కనిపించి తలుపులు తీస్తున్నాడని, పెట్టెలు అందుకుంటున్నాడని అక్కడ చెప్పుకుంటారు. చేసిన పని మీద జనానికి ఎంత గురి ఉంటే ఒక మనిషి గురించి అలాంటి కథ పుడుతుందో చూడండి.

టొరంటోలో ఇంకొకాయన ఉన్నాడు, ఇసడోర్ షార్ప్. పోలండ్ నుంచి వలస వచ్చిన యూదు దంపతుల కొడుకు. తండ్రి ఇళ్ళు కట్టే పని చేసేవాడు. హోటల్ వ్యాపారం ఎరగని ఈయన 1961లో జార్విస్ వీధిలో ఒక మోటారు హోటల్ తెరిచాడు. ప్రపంచమంతటా విస్తరించిన ఫోర్ సీజన్స్ హోటళ్ళకు అదే మొదలు. మనల్ని ఇతరులు ఎలా చూడాలనుకుంటామో మనమూ వాళ్ళని అలాగే చూడాలన్నది ఆయన పెట్టుకున్న నియమం. ఆ నియమాన్ని అతిథులతో ఆపకుండా గదులు ఊడ్చేవాళ్ళకూ వంటవాళ్ళకూ వర్తింపజేశాడు. గౌరవం అందని పనివాడు అతిథికి గౌరవం ఎక్కడినుంచి తెచ్చి ఇస్తాడు? ఆ మహానగరం హోటల్లో తలెత్తని కుర్రాణ్ణి తలుచుకున్నప్పుడల్లా, అతన్ని అతని పైవాళ్ళు ఎలా చూస్తున్నారో అనిపిస్తుంది.

మేము హాలిఫాక్స్ మీదుగా గాండర్ చేరాలి. హాలిఫాక్స్‌లో పొగమంచు పట్టేసింది. విమానం కదిలేసరికి రాత్రి బాగా పొద్దుపోయింది. న్యూఫౌండ్‌లాండ్ గడియారం పక్క రాష్ట్రాల గడియారాలకంటే అరగంట ముందుంటుంది. మన దేశం లెక్కలో కూడా ఆ అరగంట ఉంది కాబట్టి వేసవిలో మనకీ వాళ్ళకీ సరిగ్గా ఎనిమిది గంటల తేడా. మేము గాండర్‌లో దిగేసరికి ఇంటి దగ్గర ఉదయం కాఫీలైపోయి ఉంటాయి. ఇక్కడ ఒంటిగంట కావస్తోంది.

హైవే పక్కన ఉన్న మామూలు హోటల్ అది. గాజు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళగానే కౌంటర్ వెనక నుంచి ఒక అమ్మాయి లేచి ఇవతలికి వచ్చింది. "రండి అంకుల్, మీ ఫ్లైటు దిగిందని ఫోన్లో చూస్తూనే ఉన్నాను. ఆంటీ, మీరు ముందు కూచోండి" అంది, అచ్చమైన నెల్లూరు యాసలో. కావలి దగ్గర పల్లెటూరట. ఇక్కడ చదువుకోవడానికి వచ్చి, చదువయ్యాక వర్క్ పర్మిట్ మీద ఈ ఉద్యోగంలో చేరింది. పొద్దున అరైవల్స్ లిస్టులో మా ఇంటిపేరు చూసి తెలుగువాళ్ళని పోల్చుకుందట. హోటల్ వంటగది రాత్రి తొమ్మిదికే మూసేస్తారు. ఆ సంగతి తెలుసు కనుక తన డబ్బాలోంచి తీసిన అన్నం, రెండు యోగర్ట్ కప్పులు, ఆవకాయ ముక్క ఫ్రిజ్‌లో పెట్టి ఉంచింది. మా ఆవిడ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

నిద్ర తేలిపోయింది కాబట్టి కాసేపు కౌంటర్ దగ్గరే మాట్లాడుకుంటూ కూచున్నాం. ఆ అరైవల్స్ లిస్టు నాకు చూపించమన్నాను. పేర్లు కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టి, పక్కన రాసుకున్న గమనికలు మాత్రం చూపించింది. ఒకచోట "పాపాయి, ఉయ్యాల మంచం వేసేశాం" అని ఉంది. ఇంకోచోట "పెద్దాయన, కింది అంతస్తు, లిఫ్టు పక్క వద్దు, శబ్దం". ఒకరి పేరు పక్కన "అంత్యక్రియలకు వస్తున్నారు, ఎక్కువ ప్రశ్నలు వేయొద్దు" అని ఉంది. అది చదివాక నాకు కాసేపు నోట మాట రాలేదు. గది బుక్ చేసేటప్పుడు ఎవరో ఫోన్లో యథాలాపంగా అన్న మాట అయి ఉంటుంది. అవతల విన్నవాళ్ళు దాన్ని రాసిపెట్టారు. పగటి షిఫ్టు రాసింది రాత్రి షిఫ్టు చదువుతుంది. ఆ మనిషి వచ్చినప్పుడు, విహారానికి వచ్చారా, ఊళ్ళో ఏమేం చూస్తారు అని ఎవరూ అడగరు.

తెల్లవారుజామున మూడింటికి నైట్ ఆడిట్ చేస్తారట. ఆ రోజు లెక్కలు మూసి కొత్త తేదీ తెరవడం. బుక్ చేసుకుని రానివాళ్ళని నో-షో కింద రాసి ఒక రాత్రి అద్దె పట్టుకునేది అప్పుడే. "ఫ్లైటు గాల్లో ఉన్నంతసేపు నేను నో-షో కొట్టను అంకుల్. మా మేనేజర్ నేర్పిన మొదటి పాఠం అది" అంది. ఆ మేనేజర్‌ది ఈ ఊరే. 2001లో ఆవిడ బడిపిల్ల. వాళ్ళ బడిలోనే విమానాల వాళ్ళు పడుకున్నారట.

గాండర్ విమానాశ్రయం 1938లో మొదలైంది. ఆ రోజుల్లో అట్లాంటిక్ దాటే విమానాలకు ఏకబిగిన పోయేంత ఇంధనం ఉండేది కాదు, ఇక్కడ దిగి నింపుకుని పోయేవి. 1959లో ఎలిజబెత్ రాణి చేతుల మీదుగా అంతర్జాతీయ ప్రయాణికుల హాలు తెరిచారు. కెన్నెత్ లాక్‌హెడ్ వేసిన పొడవాటి కుడ్యచిత్రం, రంగురంగుల గీతల నేల, ఆనాటి కుర్చీలతో ఆ హాలు ఇప్పటికీ అలాగే ఉంది. జెట్ విమానాలు వచ్చాక ఇక్కడ ఆగాల్సిన అవసరం తప్పింది. ఊరు చిన్నబోయింది, పొడవాటి రన్‌వే మాత్రం మిగిలింది.

2001 సెప్టెంబరు 11న అమెరికా తన ఆకాశాన్ని మూసేసింది. అట్లాంటిక్ మీద సగం దారిలో ఉన్న విమానాలకు దిగే చోటు కావాలి. కెనడా తన విమానాశ్రయాలు తెరిచింది. గాండర్‌లో 38 ప్రయాణికుల విమానాలు దిగాయి. వాటిలో ఆరున్నర వేలమందికి పైగా ఉన్నారు. ఊరి జనాభా పదివేలకు అటూ ఇటూ. న్యూయార్క్‌లో ఏం జరిగిందో సరిగా తెలియక, కిందికి దిగే వీల్లేక, చాలామంది గంటల తరబడి సీట్లలోనే ఉండిపోయారు. కొందరు ఒక పగలూ రాత్రీ అలాగే కూచున్నారు.

ఆ గంటల్లో ఊరు ఏం చేసిందన్నదే నాకు ముఖ్యం. ఎవరూ ఇంకా గడప తొక్కలేదు. ఎంతమందో, ఏ దేశాలవాళ్ళో, ఎన్నాళ్ళుంటారో తెలియదు. సమ్మెలో ఉన్న స్కూలు బస్సు డ్రైవర్లు ప్లకార్డులు పక్కన పెట్టి బస్సులెక్కారు. బళ్ళు, చర్చిలు, క్లబ్బుల హాళ్ళలో పరుపులు, దుప్పట్లు పరిచారు. గాండర్‌కి తోడు గాంబో, లూయిస్‌పోర్ట్, ఆపిల్టన్, గ్లెన్‌వుడ్, నారిస్ ఆర్మ్ ఊళ్ళు తలా కొందరిని పంచుకున్నాయి. ఇళ్ళల్లో ఆడవాళ్ళు పెద్ద గిన్నెలు పొయ్యి మీద పెట్టారు. వండిన పదార్థాలు కుప్పలుగా వచ్చిపడుతుంటే పెట్టడానికి చోటు లేక, ఐస్ హాకీ ఆడే మంచు మైదానాన్నే శీతల గిడ్డంగి చేశారు. టెలిఫోన్ కంపెనీ బయట బల్లలు వేసి ఫోన్లు పెట్టింది, ఎవరు ఏ దేశానికి చేసుకున్నా ఉచితం. లగేజీ విమానంలోనే ఉండిపోవడంతో మందులు లేనివాళ్ళకోసం మందుల షాపులవాళ్ళు దేశదేశాల డాక్టర్లకు ఫోన్లు చేసి, ఏ మందో కనుక్కుని ఇచ్చారు. విమానాల కడుపుల్లో కుక్కలు, పిల్లులు, రెండు బొనొబో వానరాలు ఉంటే జంతు సంక్షేమ సంఘం వాళ్ళు లోపలికి పాకి వాటికి నీళ్ళూ తిండీ పెట్టారు.

ఊళ్ళో ఉన్న ఐదువందల చిల్లర హోటల్ గదుల్ని ప్రయాణికులకు ఇవ్వలేదు. పైలట్లకూ విమాన సిబ్బందికీ కేటాయించారు. ఆకాశం ఎప్పుడు తెరుచుకుంటే అప్పుడు వాళ్ళే ఈ జనాన్ని క్షేమంగా చేర్చాలి, వాళ్ళకి నిద్ర కావాలి. అంత హడావిడిలో ఆ సంగతి ఆలోచించినవాళ్ళ బుద్ధికి నేను దండం పెడతాను. ధనికులకు, పలుకుబడి ఉన్నవాళ్ళకు మెత్తటి పరుపులు వెళ్ళలేదు. ఆ గదులు ఎవరికి నిజంగా అవసరమో వాళ్ళకే వెళ్ళాయి.

వెళ్ళేటప్పుడు డబ్బివ్వబోతే ఊరివాళ్ళు పుచ్చుకోలేదు. లూయిస్‌పోర్ట్‌లో ఉన్న డెల్టా 15 విమానం ప్రయాణికులు తిరుగు ప్రయాణంలో విమానంలోనే చందాలు రాసుకుని, ఆ ఊరి పిల్లల చదువుకు స్కాలర్‌షిప్ నిధి పెట్టారు. ఈ కథతో ఐరీన్ శాంకాఫ్, డేవిడ్ హైన్ దంపతులు రాసిన 'కమ్ ఫ్రమ్ అవే' అనే సంగీత నాటకం 2017లో బ్రాడ్వే చేరింది. 2023 నుంచి గాండర్‌లోనే వేసవిలో ఆడింది. మా కావలి అమ్మాయికి ఆ నాటకం చూసే తీరిక దొరకలేదట. కానీ గాల్లో ఉన్న విమానానికి నో-షో కొట్టకూడదన్న పాఠం మాత్రం ఆమెకు చేరింది.

తెల్లవారాక ఫేర్‌వెల్ రేవుకి గంట పైచిలుకు దారి. రెండు వైపులా పొట్టి దేవదారు చెట్లు, మధ్య మధ్య చెరువులు, మూస్ బొమ్మ వేసిన హెచ్చరిక బోర్డులు. ఎత్తయిన గుర్రమంత ఉండే ఈ జంతువు న్యూఫౌండ్‌లాండ్ దీవికి సొంతం కాదు. 1904లో పక్క రాష్ట్రం నుంచి నాలుగింటిని తెచ్చి వదిలారు. ఇప్పుడు లక్షకు పైనే ఉన్నాయి. ఏటా వందల ప్రమాదాలు జరుగుతున్నాయి. ఉత్తరంలో ఆవిడ ఎందుకు చీకట్లో నడపొద్దందో ఆ బోర్డులు చూస్తే బోధపడింది. రేవులో మాకంటే ముందే పాతిక కార్లున్నాయి. గంటన్నర ఎదురుచూశాక ఫెర్రీ ఎక్కాం. దూరంగా ఒక మంచుకొండ, సముద్రం మీద తెల్లగా, కదలనట్టు కదులుతూ కనిపించింది.

జో బాట్స్ ఆర్మ్ అనే పల్లెలో మా బస. కారు ఇంటి ముందు ఆపేసరికి ఉత్తరం రాసిన ఆవిడ వంటింటి తలుపు తీసి నిలబడి ఉంది. వీధి గుమ్మం మూసే ఉంది. ఇక్కడి ఇళ్ళల్లో ఎవరొచ్చినా వంటింటి తలుపు లోంచే లోపలికి రావాలి. పొయ్యి మీద కెటిల్ అప్పటికే కూత పెడుతోంది. మేము సరిగ్గా ఎప్పుడొస్తామో ఎలా తెలిసిందని అడిగాను. ఆవిడ మేనల్లుడు ఫెర్రీలో పనిచేస్తాడు, "మీవాళ్ళు ఎక్కారు" అని ఫోన్ చేశాడట. కిటికీ గట్టు మీద ఒక స్కూలు నోటుబుక్కు, తాడుతో కట్టిన పెన్సిలు. వచ్చేవాళ్ళ పేరు, ఏ ఫెర్రీకి వస్తున్నారు, ఏం తినరు, ఏ మంచం. మా పేజీలో "మాంసం లేదు, చేప లేదు, గుడ్డు లేదు, మెట్లు లేవు" అని రాసి ఉంది. ఆ ప్రకారమే కింద గది ఇచ్చింది.

బల్ల మీద టౌటన్లు పెట్టింది. పులిసిన రొట్టె పిండిని పెనం మీద వేయించి, మొలాసిస్ పాకం పోసుకుని తింటారు. మా ఆవిడకి మైసూరు బోండా గుర్తొచ్చిందట, రెండు తింది. బేకాపిల్ అనే నారింజరంగు అడవిపండ్ల జామ్ ఒక సీసా. ఇంకో గిన్నెలో పసుప్పచ్చ బఠాణీల సూపు. ఇక్కడ దాన్ని ఉప్పు మాంసం వేయకుండా చేయరు. "ఉప్పు మాంసం లేకుండా దీన్ని చేయడం నా జీవితంలో ఇదే మొదటిసారి. మా అమ్మ చూస్తే తిట్టేది. తిని నిజం చెప్పండి, మై లవ్" అని మా ఆవిడ ఎదురుగా కూచుంది. ఉప్పు తక్కువైందని మా ఆవిడ నిజమే చెప్పింది. ఆవిడ వెంటనే ఉప్పు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. తర్వాత ఇద్దరూ మిరియాల పొడి గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు.

ఒకప్పుడు ఆవిడ చేపల ఫ్యాక్టరీలో పనిచేసేది. న్యూఫౌండ్‌లాండ్ బతుకంతా కాడ్ చేప మీదే నడిచింది. పెద్ద ట్రాలర్లు సముద్రాన్ని ఊడ్చేశాక, 1992 జులై 2న కెనడా ప్రభుత్వం కాడ్ వేట మీద నిషేధం పెట్టింది. దాదాపు ముప్ఫైవేల మందికి ఒక్కసారిగా పని పోయింది. ఫోగోకి అది రెండో దెబ్బ. అంతకుముందు 1950ల నుంచి, దూరపు పల్లెల్ని ఖాళీ చేయించి జనాన్ని పెద్ద ఊళ్ళకు తరలించే కార్యక్రమం నడిచింది. ఫోగో కూడా ఖాళీ అవుతుందనుకున్నారు. 1967లో నేషనల్ ఫిల్మ్ బోర్డు దర్శకుడు కాలిన్ లో, మెమోరియల్ యూనివర్సిటీ వాళ్ళతో కలిసి దీవి జనం మాటల్ని చిన్న చిన్న సినిమాలుగా తీసి ఊరూరా వేసి చూపించాడు. ఒక పల్లె గోడు ఇంకో పల్లెకు తెలిసింది. అందరూ కలిసి సహకార సంఘం పెట్టుకున్నారు, పడవలు కట్టారు, కదలకుండా నిలబడ్డారు. ఇప్పటికీ అక్కడ రెండు వేల పైచిలుకు జనం ఉన్నారు.

ఊరి చివర బండల మీద, సన్నని కర్రల్లాంటి కాళ్ళ మీద నిలబడ్డ తెల్లటి పొడవాటి కట్టడం కనిపిస్తుంది. ఫోగో ఐలాండ్ ఇన్. ఈ దీవి బిడ్డ జీటా కాబ్ ఫైబర్ ఆప్టిక్స్ కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసి, సంపాదించుకుని, తిరిగొచ్చి తన అన్నదమ్ములతో కలిసి షోర్‌ఫాస్ట్ అనే సంస్థ పెట్టి దీన్ని కట్టించింది. టాడ్ సాండర్స్ అనే వాస్తుశిల్పి గీసిన ప్లాను. 2013లో తెరిచారు. మొత్తం 29 గదులు. ఒక రాత్రి అద్దె రెండు వేల డాలర్ల పైమాటే, మాకు అందేది కాదు. సముద్రపు ఒడ్డు వెంట నడిచి బయటినుంచి చూసి వచ్చాం. అయినా ఆ హోటల్ పద్ధతి తెలుసుకోదగ్గది. మిగిలిన లాభమంతా దీవికే పోతుంది. కట్టిన డబ్బులో ఎంత జీతాలకు, ఎంత సరుకులకు పోతుందో ఆహారం పొట్లాల మీద పోషకాల పట్టీలాగా వేసి చూపిస్తారు. గదుల్లో బొంతలు దీవి ఆడవాళ్ళు కుట్టినవి, కుర్చీలు ఇక్కడి వడ్రంగులు చేసినవి. తెల్లవారుజామున కాఫీ, వేడి రొట్టెలు ఒక చిన్న చెక్కపెట్టెలో పెట్టి గది తలుపు బయట ఉంచి చప్పుడు చేయకుండా వెళ్ళిపోతారు.

అన్నిటికంటే నాకు నచ్చింది వాళ్ళ కమ్యూనిటీ హోస్టుల పద్ధతి. వచ్చిన ప్రతి అతిథినీ దీవి మనిషి ఒకరు వెంటబెట్టుకుని పూటసేపు ఊళ్ళు తిప్పుతారు. వాళ్ళు బట్టీ పట్టిన గైడ్లు కారు. చేపలు పట్టినవాళ్ళు, పడవలు కట్టినవాళ్ళు, ఫ్యాక్టరీలో కత్తి పట్టినవాళ్ళు. ఇదిగో మా నాన్న పడవ కట్టిన చోటు, ఇదిగో మా తాత సమాధి అని చూపిస్తారు. అద్దె రెండు వేలైనా, మాకు గది ఇచ్చిన ఆవిడ చేసిన సూపులాంటిదే తిన్నా, అతిథికి దొరికే అసలు సంగతి ఆ దీవి మీద ఒక్కటే: ఈ నేల తమదని చెప్పుకోగల మనిషి గుమ్మంలో నిలబడి పిలవడం. ఇల్లు విడిచి పొమ్మన్నా పోనివాళ్ళు అది చేయగలరు. ఎక్కడినుంచో తెచ్చిన మర్యాద పాఠాలతో అది రాదు.

ఆ సాయంత్రం మాకు గది ఇచ్చిన ఆవిడకి నేను మన డొక్కా సీతమ్మగారి గురించి చెప్పాను. కోనసీమ లంకల గన్నవరం. గోదావరి పాయలు దాటి అలిసిపోయి వచ్చే బాటసారులకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన తల్లి. 1841లో పుట్టి 1909లో పోయింది. ఆవిడ గురించి కోనసీమలో చెప్పుకునే ఒక సంఘటన ఉంది. ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకీలో బయల్దేరిందట. దారిలో ఒకచోట ఆగినప్పుడు, అటునుంచి వస్తున్న పెళ్ళివారి మాటలు చెవిన పడ్డాయి. ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని, కాస్త ఓర్చుకోండి, సీతమ్మగారి ఇంటికి చేరితే అన్నం పెడుతుంది అని ఊరుకోబెడుతున్నారు. ఆవిడ దర్శనం మానుకుని పల్లకీ వెనక్కి తిప్పించింది. పెళ్ళివారి కంటే ముందు ఇల్లు చేరి వంట చేయించి, వాళ్ళు వచ్చేసరికి విస్తళ్ళు వేసి ఉంచింది. మాకు గది ఇచ్చిన ఆవిడ అంతా విని, "మరి ఆవిడకి ఫోన్ చేయడానికి ఫెర్రీలో మేనల్లుడు లేడుగా" అని ఆశ్చర్యపోయింది. ఆ పేరు ఎలా రాస్తారో అడిగి నోటుబుక్కులో రాసుకుంది.

అరకులో, దిండిలో, కోనసీమ లంకల్లో, పోచారం, అనంతగిరి వైపు ఇప్పుడు ఎంతోమంది ఇళ్ళల్లో గదులు అద్దెకిస్తున్నారు. కొత్త కొత్త రిసార్టులు లేస్తున్నాయి. వాళ్ళందరికీ నాదొక మనవి. గది బుక్ అయ్యాక డబ్బు అందిందన్న మెసేజ్‌తో ఊరుకోకండి. బయల్దేరే ముందురోజు ఒక్క ఫోన్ చేయండి. ఘాట్ రోడ్డు ఏ వేళకు ఎక్కాలో, రేవు దాటించే పంటు ఎన్నింటికి ఆగిపోతుందో, కరెంటు పోతుందో లేదో, వేడినీళ్ళు ఏ వేళకు వస్తాయో చెప్పండి. ఏం తినరో, మెట్లు ఎక్కగలరో లేదో అడగండి. అడిగినదాన్ని ఒక నోటుబుక్కులో రాసి, మీరు లేనప్పుడు కౌంటర్లో ఉండే కుర్రాడికి కూడా కనిపించే చోట పెట్టండి. ఎంత ఆలస్యమైనా తలుపు తీసే మనిషి ఎవరో, ఆ మనిషి నంబరు ఏదో వాళ్ళకి చెప్పండి. దీనికి పెట్టుబడి ఏమీ అక్కర్లేదు. రేపు వచ్చేవాళ్ళతోనే మొదలుపెట్టండి.